రేడియేటర్ మీద గౌరి చేతులు

పొద్దున్నే తొమ్మిదింటికి సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో బయల్దేరితే, మూల్‌చంద్ దాటేలోపు సదాశివరావు కారు ఒకసారి ఆగేది. డెబ్భై రెండు నాటి కారు. వేడి చూపించే ముల్లు ఎర్రగీతకి తగలగానే అతను పక్కకి తీసి బానెట్ ఎత్తేవాడు. భార్య గౌరి దిగి, రెండు అరచేతులూ రేడియేటర్‌కి ఆనించి నిలబడేది. నాలుగైదు నిమిషాల్లో ఇంజను చల్లబడేది. మళ్ళీ ఎక్కి, నెహ్రూ ప్లేస్‌లో తన ఆఫీసు దగ్గర దిగిపోయేది.

గౌరి చేతులు పుట్టుకతోనే అంత చల్లన. కాకినాడలో వాళ్ళమ్మ ఎండాకాలం మజ్జిగ గిన్నె కూతురి చేతికిచ్చి కాసేపు కూర్చోబెట్టేది. ఇక్కడ కరెంటు పోయిన సాయంత్రాల్లో ఎదురింటి పంజాబీ ఆవిడ పాలగిన్నె తెచ్చి, కాస్త చెయ్యి పెట్టు దీదీ అనేది. జ్వరమొచ్చిన పిల్లల్ని తెచ్చేవాళ్ళు. పక్కింట్లో ఫ్రిజ్ ఉన్నట్టు ఈ ఇంట్లో గౌరి ఉంది.

రాత్రికి ఆమె కళ్ళు మండేవి. పడుకుంటే ఒళ్ళంతా సెగ. లాగేసిన వేడి ఎక్కడికి పోతోందని ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

సదాశివరావు ఊరికే కూర్చోలేదు. థర్మోస్టాట్ మార్పించాడు, ఫ్యాన్ బెల్టు మార్పించాడు, రేడియేటర్ రెండుసార్లు కడిగించాడు. ఇంజను హెడ్ విప్పి చూడాలని ఓ మెకానిక్ అన్నప్పుడు మాత్రం, నడుస్తోందిగా, చూద్దాంలే అన్నాడు. వాళ్ళ వంశంలో స్టీరింగు పట్టుకున్న మొదటివాడతను. బండిని ముక్కలుగా చూడాలంటే మనసొప్పలేదు.

రెండువేల ఐదు జూన్‌లో ఒక ఆదివారం, ఫరీదాబాద్‌లో తెలిసినవాళ్ళ గృహప్రవేశానికి బయల్దేరారు. బదర్‌పూర్ బోర్డర్ దగ్గర లారీల మధ్య రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ గౌరి దిగింది. ఫరీదాబాద్‌లో అడుగుపెట్టాక మూడోసారి. పది నిమిషాలు నిలబడినా ఆవిరి తగ్గలేదు. ఆమె చేతులు తీసి చూసుకుంది. అరచేతులు కందిపోయాయి.

"ఇంక లేదండీ," అంది.

"ఏంటి లేనిది?"

"చల్లదనం. అయిపోయింది."

దారినపోయేవాళ్ళు నలుగురు బండిని దగ్గర్లోని షెడ్డుకి తోశారు. షెడ్డు లింగయ్యది. కరీంనగర్ వైపు మనిషి, ఇరవయ్యేళ్ళ కింద ఇక్కడికొచ్చి స్థిరపడ్డాడు. తెలుగు వినగానే గౌరికి బల్ల చూపించి, ఆమె అరచేతుల మీద కుండలో నీళ్ళు పోశాడు. ఇంజను చల్లారేదాకా ఆగి, మూత తీసి, నీళ్ళు నింపి స్టార్ట్ చేయమన్నాడు. రేడియేటర్ మూతిలో నీళ్ళు బుడగలు బుడగలుగా పైకొచ్చాయి.

హెడ్ కింద బిగించే గ్యాస్కెట్ పోయిందని, లోపలి గ్యాసు నీళ్ళలోకి వస్తోందని, ఇది ఇవాళ్టిది కాదు, ఏళ్ళనాటిదని చెప్పాడు. ఇలాంటి బండి పది మైళ్ళు కూడా పోదు, ఎలా నడిపారని అడిగాడు. సదాశివరావు చెప్పాడు. లింగయ్య గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"అమ్మ చెయ్యి పెట్టబట్టి మీకు రోగం తెల్వలే సార్. సల్లార్చుకుంట వచ్చిండ్రు గని, బాగు చేయించలే."

వెనక్కి తిరిగి చూస్తే గౌరి ఆ సుత్తిదెబ్బల చప్పుడులోనే బల్లమీద నిద్రపోతోంది. ఆటో మాట్లాడి వచ్చి, లేపుదామని సదాశివరావు ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు. బానెట్ మీద పెట్టినట్టు చురుక్కుమంది. ఎన్నేళ్ళయిందో ఆ నుదురు తాకి. ఆటోని పంపేసి, ఓ పాత టైరు మీద కూర్చున్నాడు. ఆమె నాలుగింటిదాకా నిద్రపోయింది. గృహప్రవేశానికి వెళ్ళనే లేదు.

లింగయ్య హెడ్ విప్పి, లేతు మీద చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి నాలుగో రోజున బండి ఇచ్చాడు. అప్పట్నుంచీ ముల్లు మధ్యలోనే నిలబడింది. గౌరి చేతులు మాత్రం మళ్ళీ చల్లబడలేదు. ఎదురింటావిడ పాలగిన్నెతో వచ్చి, ఆమె చెయ్యి పట్టుకు చూసి, ఠీక్ హై అని వెళ్ళిపోయింది. రాత్రి సెగలు తగ్గాయి. భోజనం అవగానే ఒరిగిపోయే మనిషి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆగస్టులో గౌరి ఆఫీసులో లక్నో బదిలీతో ప్రమోషన్ జాబితా వచ్చింది. ఇంతకుముందు మూడుసార్లు వస్తే, ఇల్లు ఎలా అనుకుని వద్దని రాసిచ్చింది. ఈసారి వెళ్తానని సంతకం పెట్టి, ఆ మాట అన్నం వడ్డిస్తూ చెప్పింది.  నేనొక్కణ్ణే ఎలా అనే మాట సదాశివరావు నోటిదాకా వచ్చింది.

"ఎప్పుడెళ్ళాలి?" అన్నాడు.

"ఒకటో తారీఖున చేరాలి."

స్టేషన్‌కి కారులోనే తీసుకెళ్ళాడు. దారిలో ఎక్కడా ఆగలేదు. ట్రంకుపెట్టె సీటు కిందికి తోసి, కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఊచల మధ్యనుంచి గౌరి చెయ్యి అందుకున్నాడు. వెచ్చగా, మామూలుగా, కాస్త చెమటతో ఉంది.

రైలు కదిలేదాకా వదల్లేదు.