గొడ్డలికి పిట్ట పేరు

ఒక మనిషి చావు చప్పుడును కత్తిరించి పారెయ్యమని మాకు చెప్పారు. కార్మికులారా, చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, అమీర్‌పేటలో మూడో అంతస్తు గదిలో ఆ మాట నా చెవులారా విన్నాను. అందుకే చెబుతున్నాను.

వినడమే మా ఉద్యోగం. గోదావరి పక్క అడవిలో చెట్లకు కట్టిన చిన్న డబ్బాలు అక్కడి చప్పుళ్ళన్నీ రికార్డు చేసేవి. వాటి కార్డులు కంపెనీ జీపులో మాకు వచ్చేవి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏ కూత ఏ పిట్టదో, ఏ అరుపు ఏ కప్పదో కంప్యూటర్లో గుర్తు పెట్టాలి. అడవిలో ఏ ప్రాణులున్నాయో తేలాకే అక్కడ గని తవ్వనివ్వాలా వద్దా అని సర్కారు నిర్ణయిస్తుంది. మా కంపెనీకి ఆ పని అప్పగించింది మాత్రం గని కాంట్రాక్టరే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు!

డబ్బా కట్టినవాడు రికార్డింగు మొదట్లో తన పేరు, చోటు చెప్పాలి. అలా మాకు బుచ్చయ్య తెలుసు. అతని మొహం మేమెవరమూ చూడలేదు.

"నేను బుచ్చయ్య. ఇప్పచెట్టు కాడున్న. ఇక్కడ అందరం ఉన్నం" అనేవాడు.

"ఉన్నది నువ్వొక్కనివే గదనే తాతా, అందరం ఎవలు?" అని నా పక్క కుర్చీలో పనిచేసే సుమలత కంప్యూటర్‌తోనే వేళాకోళమాడేది. వెంటనే పిట్టలు మొదలయ్యేవి. అందరం అంటే ఎవరో అప్పుడు తెలిసేది.

ఒక రోజు పొద్దున సుమలత సంబరానికి అంతులేదు. "అన్నా, వడ్రంగి పిట్టలు మస్తుగున్నయే! ఒక్కతీరుగ కొడుతున్నయ్." వరసబెట్టి పిట్ట గుర్తులు పెట్టుకుంటూ పోయింది. సిరిసిల్ల నేతింట్లో మరమగ్గాల మోత మధ్య పెరిగిన పిల్ల, గొడ్డలి చప్పుడు ఆమెకేం తెలుసు? మాకు మాత్రం తెలిసిందా?

మధ్యాహ్నం ఆమె హెడ్‌ఫోన్లు పీకేసి స్పీకరు పెట్టింది. చెట్టు కొడుతున్న చప్పుడు మధ్యలో బుచ్చయ్య గొంతు వినబడింది.

"ఆపుండ్రి! ఇంక పర్మిషన్ రాలే గద! చెట్టు మీద గూళ్ళున్నయ్, పిల్లలున్నయ్. నేను జరగ."

ఎవడో బూతు తిట్టాడు. మళ్ళీ గొడ్డలి. మళ్ళీ "నేను జరగ." తర్వాత పెద్ద విరుపు, ఆకుల రొద, ఒక మూలుగు. ఆ పైన ఒక్క పిట్ట కూడా పలకలేదు.

జీపు డ్రైవరుకు ఫోన్ చేశాం. చెట్టు మీద పడి చచ్చిపోయిన బుచ్చయ్యను మట్టి చేసి వారం దాటిందన్నాడు. సుమలత నేల మీద కూలబడింది. "చెట్టు నరుకుతుంటే పిట్టన్ననే! ఆయన్ని సంపుతుంటే నేను పిట్టన్ననే!" అని తల బాదుకుంది. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

మా మేనేజరు చక్రపాణి వచ్చాడు. "చూడమ్మా, మనిషి గొంతు వస్తే కట్ చెయ్యాలి, అది రూలు. మిగతాది వడ్రంగి పిట్ట అనే ఉంచెయ్. రేపు పంజాగుట్టలో కాంట్రాక్టరు గారి ఆఫీసులో రిపోర్టు ఇవ్వాలి."

"అది గొడ్డలి సార్."

"పిట్ట అన్నది నువ్వే కదా? ఇప్పుడేంటి?"

అదీ వాళ్ళ తెలివి. అనుమతి రాకముందే అడవిని నరికారన్న సంగతి ఆమె పొరపాటు వెనక దాచేస్తారు. బుచ్చయ్య అనే మనిషి ఆ అడవిలో ఉన్నాడన్న గుర్తే ఉండదు.

కింద చాయ్ బండి దగ్గర అందరం చేరాం. "నౌకరి పోతది భాయ్" అన్నాడు కమలాకర్. అతనిది కృష్ణానగర్, షూటింగ్ లేని రోజుల్లో మాతో పనిచేసే జూనియర్ ఆర్టిస్టు. "గా కోచింగ్ సెంటర్ల పొంటి చూడు, మన కుర్చీల కోసం ఎంతమంది ఉన్నరో."

"పోతే పోనీ. గొంతు కోసేస్తే ఆయన మల్లొకపారి సస్తడు" అంది సుమలత.

"మనం పది మందిమి. వాళ్ళకు పోలీసులున్నరు, పైసలున్నయ్."

"ఆయన ఒక్కడే ఉండె గదనే, అన్నా."

కమలాకర్ గ్లాసు కింద పెట్టాడు. "రికార్డింగు నువ్వు తే, షూటింగ్ స్పీకర్లు నేను తెస్త" అన్నాడు.

తెల్లారి పంజాగుట్టలో ఆ ఆఫీసు గేటు ముందు కూర్చున్నాం. పైన మెట్రో, పక్కన బస్సుల హారన్లు. వాటి మధ్య మా స్పీకర్లలో అడవి మొదలైంది. దారిన పోయేవాళ్ళు తలెత్తి పిట్టల కోసం వెతికారు. కోచింగ్ పిల్లలు ఆగారు. అంతలో గొడ్డలి. ఆ వెనక బుచ్చయ్య. "నేను జరగ."

ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోయారు. రోడ్డు ఊడ్చే కార్మికురాలొకామె వచ్చి మా పక్కన చతికిలబడింది. ఆమె వెనక పిల్లలు కూర్చున్నారు. రోడ్డు నిండింది.

పోలీసులు దిగారు. "జరగండి, జరగండి!"

"జరగం!" అంది రోడ్డంతా.

లాఠీలు లేచాయి. స్పీకరు తీగ తెంపేశారు. కానీ అప్పటికే ఎన్నో ఫోన్లలో ఆ గొంతు చేరిపోయింది, ఇక దాన్ని ఏ చక్రపాణీ కత్తిరించలేడు. మమ్మల్ని ఈడ్చుకెళ్ళి వ్యానులో కుక్కారు. నెత్తురు కారుతున్న పెదవి దగ్గరికి సుమలత తన ఫోన్ తెచ్చుకుని రికార్డింగు నొక్కింది.

"నేను సుమలత. పంజాగుట్ట కాడున్న. ఇక్కడ..."

మిగతా మాట ఆమె చెప్పలేకపోయింది. వ్యానంతా కలిసి చెప్పింది.

"అందరం ఉన్నం."