మూడో రాజుగారి రాళ్లు

మా ఊరి ముసలి కయ్యను మా కళ్లముందే సైనికులు కొరడాతో కొట్టారు. "వరి కోత వేళ బరువు మోయలేను" అన్నందుకు. అందరం చూశాం. అందరం మూపు వంచాం.

రాజధానిలో నగారా మోత మొదలైతే మా ఊళ్లో మూటల మోత మొదలైనట్టే. ఆ ఏడు అప్పటిదాకా వితస్త నది ఒడ్డున కాల్బలం ముగ్గురు రాజుల్ని గద్దెనెక్కించింది, ఇద్దర్ని దించింది. ఎక్కిన ప్రతివాడూ తన పేర గుడి మొదలెట్టేవాడు. గోడ లేవకముందే తను కూలేవాడు. ఇంటికొకరు ఏడాదికోసారి మోయాలన్నది ఆచారం. మేం అప్పటికే రెండుసార్లు మోశాం.

"అది పాత రాజులకు. ఈయనకు మీరింకా మోయలేదు," అన్నాడు ఆ సైనికుల దండనాయకుడు.

మొదటి రాజు గుడి రాళ్లనే మూడో రాజు గుడికి మోస్తున్నాం. కొండదారిలో మాకో కట్టుబాటుంది. ముందు నడిచే పెద్దమనిషి ఊతకర్రతో నేలను ఒకసారి కొడితే అందరూ దించాలి. రెండుసార్లు కొడితే ఎత్తాలి. ఆ చప్పుడు లేకుండా ఎవడు కదిలినా పక్కవాడు లోయలో పడతాడు.

మా పెద్ద ధమ్మట ఒకసారి కొట్టాడు. దించాం. మళ్లీ కొట్టలేదు.

"లేవండిరా," అన్నాడు దండనాయకుడు.

"మేం లేస్తే వరి రాలుద్దయ్యా. వరి రాలితే మంచుకాలంలో మేం రాలతాం," అన్నాడు ధమ్మట.

"రాజాజ్ఞ."

"ఏ రాజుది? పేరు నోటికి పట్టేలోపు మారిపోతన్నాడు."

వరసంతా నవ్వింది, ఓపిక లేని నవ్వు.

ధమ్మట చేతులు కట్టేశారు. దండనాయకుడు ఆ కర్ర లాక్కుని తనే రెండుసార్లు కొట్టాడు. ఒక్కరూ లేవలేదు.

"రెండ్రోజుల పనేగా, మోసేసి పోదాం," గొణిగాడు వరసలోని నోణ.

తండ్రి వంతు మోస్తున్న కయ్య కూతురు లోఠిక అటు తిరిగింది. "మా అయ్య వీపు చూశావుగా మామా. రేపు నాలుగో రాజొస్తాడు. అప్పుడెవరి వీపు చూస్తావు?"

నోణ కూడా లేవలేదు.

మధ్యాహ్నం గుర్రపు రౌతు వచ్చాడు. మూడో రాజును దించేశారట. ఇరవై మూడు రోజుల ఏలుబడి. దండనాయకుడు కాసేపు ఓ రాయి మీద కూలబడ్డాడు. తర్వాత లేచి మా వైపు తిరిగాడు.

"కొత్త రాజుగారి పట్టాభిషేకానికి ఖైదీల్ని వదిలేస్తారు. రాళ్లెత్తండి, మీ పెద్దను ఇక్కడే విప్పేస్తా."

అందరం ధమ్మట వైపు చూశాం. అతను మా రాళ్ల మధ్య చతికిలబడ్డాడు.

"నన్ను చెరసాలకి మోసుకుపోండయ్యా. నేను నడవను. మోత ఎట్టుంటదో మీకూ తెలియాలిగా," అన్నాడు.

నలుగురు సైనికులు అతన్ని మోసుకుపోయారు, దండనాయకుడు వాళ్ల వెంటే పోయాడు. అలవాటు లేని పని. మలుపు మలుపుకీ దించారు. లోఠిక తన రాతికున్న తాడు విప్పుకుంది. నోణ విప్పుకున్నాడు. వరసంతా విప్పుకుంది. రాళ్లక్కడే వదిలి ఇంటిదారి పట్టాం.

మర్నాడు నాలుగో రాజు పిలుపుతో మనుషులొచ్చేసరికి మేమంతా చేలో ఉన్నాం, చేతుల్లో కొడవళ్లతో. సంగతి విన్న పక్క ఊరివాళ్లు కూడా వచ్చి మా వరసలో నిలబడ్డారు. అరిచే ఓపిక ఎవరికీ లేదు. రాజు మనుషులు చూస్తుండగానే కోస్తూ పోయాం.