నిన్నటి అద్దం, ఐదో ప్లగిన్

టైలరమ్మ పొద్దున్నే షాపు తెరిచి మిషన్‌కి నూనె వేస్తుంది. కత్తెర పదును చూసుకుని మేకుకి తగిలిస్తుంది. ఆ తర్వాత టీ తాగుతూ అద్దంలో నిన్నటి తనని ఓసారి చూసుకుంటుంది. నిన్న తల సరిగ్గా దువ్వుకోలేదని తెలిస్తే ఇవాళ దువ్వుకుంటుంది.

ఆ షాపులో నిలువుటద్దం ఒక రోజు వెనక నడుస్తుంది. ఇవాళ దాని ముందు జరిగినదాన్ని రేపు ఇదే వేళకి చూపిస్తుంది. వీధిలో ఎవరికీ అది వింత కాదు. ఇవాళ ట్రయల్ వేసుకుని, రేపు అదే టైముకి వచ్చి ఎలా ఉందో చూసుకుపోతారు. "మామూలు అద్దం ముందు అందరం పొట్ట బిగబట్టి నిలబడేవాళ్ళమేగా, ఇక్కడ ఆ పప్పులుడకవు" అంటాడు ఎదురు షాపులో తాళాలాయన. పైగా వీపు కూడా చూసుకోవచ్చు.

ఆదివారం షాపుకి సెలవు. శనివారం దీపాలు పెట్టే వేళకి టైలరమ్మ అద్దం మీద నల్ల ముసుగు కప్పి, సోమవారం పొద్దున తీస్తుంది. ఆదివారమంతా ముసుగు కింద శనివారం తన పాటికి తను నడిచిపోతుంది, చూసే దిక్కు లేకుండా. ఇక సోమవారం ముసుగు తీసినా అద్దంలో కనిపించేది ఆదివారం నాటి ముసుగు చీకటే. అందుకే అక్కడ శనివారం ట్రయల్ వేయరు, సోమవారం చూసుకోవడానికి రారు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఈ సంగతి చెప్పడం తాళాలాయనకి భలే సరదా.

టైలరమ్మకి బ్లాగు పెట్టాలన్న ఆలోచన వచ్చింది. సరిగ్గా చెప్పాలంటే ఆలోచన ఆమెది, పెట్టింది ఆడపడుచు. భర్త ఊళ్ళు తిరిగి మందులమ్మే మనిషి, నెలలో సగం ఇంట్లో ఉండడు. అతని చెల్లెలు తల్లి పోయాక, పాల పళ్ళు ఊడుతున్న వయసులో వీళ్ళింటికి వచ్చింది. మొదటి గౌను దగ్గర్నుంచి ఉద్యోగంలో చేరిన రోజు వేసుకున్న చొక్కా దాకా అన్నీ టైలరమ్మే కుట్టింది. ఆ పిల్లకి ఎడమ భుజం కాస్త కిందికుంటుంది. పుస్తకాల సంచీ ఎప్పుడూ ఆ భుజానికే తగిలించుకునేది. వదిన ప్రతి బట్టకీ ఆ భుజం కింద సన్నగా దూది పొర ఒకటి వేసేది. చూసేవాళ్ళకి ఆ సంగతే తెలిసేది కాదు.

అచ్చుపోసిన కొలతలకి అందని ఒళ్ళు ఎంతమందికో ఉంటుంది, వాళ్ళకి బట్టలెలా కుట్టాలో రాయాలని టైలరమ్మ కోరిక. బ్లాగుకి 'లోపలి కుట్లు' అని పేరు పెట్టుకుంది.

"నాకు శనివారాలే తీరిక వదినా. మధ్యాహ్నం దాకే ఆఫీసు. అప్పుడొచ్చి చేసిపెడతా" అంది ఆడపడుచు. ఆఫీసులో ఆమె పనే కంప్యూటర్లతో.

మొదటి శనివారం ఇద్దరూ అద్దానికి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర పాత కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"ఇప్పుడు ప్లగిన్లు ఏరుకోవాలి."

"అవేంటే?"

"నీ మిషన్‌కి జిప్పు కుట్టే పాదం వేరు, కాజా కుట్టే పాదం వేరు కదా? ఇవీ అంతే. ఏ పనికి కావాలంటే అది తగిలించుకోవడమే."

"అయితే ఓ డజను తగిలించు."

"ఆశ చూడు! ఎక్కువైతే బ్లాగు నత్తనడక నడుస్తుంది. అవసరమైనవే పెట్టాలి. ఎవరు చేశారో చూడాలి, ఈ మధ్య మరమ్మతు చేశారో లేదో చూడాలి, వాడినవాళ్ళు ఏమన్నారో చదవాలి."

"సంబంధం చూసినట్టే చెప్తున్నావే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. మొదటిది చెత్త వ్యాఖ్యల్ని గుమ్మంలోనే ఆపేసే కాపలా ప్లగిన్. రెండోది ఫొటోల బరువు తగ్గించేది. మూడోది పాఠకులు ఉత్తరం రాయడానికి వీలుగా పేజీ పెట్టేది. నాలుగోదాని దగ్గర పేచీ వచ్చింది. రాసిందంతా రోజూ నకలు తీసి దాచే ప్లగిన్ అది.

"నిన్నటిది చూపించడానికి అద్దం ఉందిగా, ఇదెందుకు?"

"అద్దం ఒక్క రోజే దాస్తుంది వదినా. ఇది ఎన్నాళ్ళైనా దాస్తుంది."

"సరే కానీ, ఆ మొదటిది బయటి దొంగల్ని ఆపుతుందన్నావు. మరి ఇంటి దొంగనో?"

"ఇంటి దొంగను ఈశ్వరుడే పట్టలేడు, పాపం ప్లగినేం పడుతుంది?" అని ఆడపడుచు పడీ పడీ నవ్వింది. టైలరమ్మకీ నవ్వాగలేదు. ఆ నవ్వు తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో ఆమెకే తెలుసు.

మొదటి పాఠం అద్దం గురించే రాసింది. 'అద్దంలో చూసి బట్ట కత్తిరించకండి. కుడి ఎడమలు తారుమారవుతాయి. మనిషిని చూసి కత్తిరించండి' అని మొదలుపెట్టి, తన అద్దం ఎలా నడుస్తుందో కూడా చెప్పింది. రెండో పాఠం వాలిన భుజం గురించి. గూని ఉన్నవాళ్ళకీ, ఒక చెయ్యి పొట్టిగా ఉన్నవాళ్ళకీ, ఆపరేషన్ అయి బటన్లు పెట్టుకోలేనివాళ్ళకీ ఒక్కో పాఠం రాసింది. కాగితం మీద రాసిస్తే ఆడపడుచు శనివారం వచ్చి ఎక్కించేది. ఆ కాసేపూ టైలరమ్మ దారాలకీ గుండీలకీ బజారుకి వెళ్ళొచ్చేది.

ఒక్క వ్యాఖ్యా రాలేదు. ఒక్క ఉత్తరమూ రాలేదు.

"కొత్తలో అంతే వదినా. బ్లాగులు చదివే ఓపిక ఎవరికుంది?" అనేది ఆడపడుచు, జాలిగా.

మిషన్ తొక్కుతూ తొక్కుతూ టైలరమ్మ ఆగి కంప్యూటర్ వంక చూసేది. లోకంలో వంకర మెడలవాళ్ళూ పొట్టి చేతులవాళ్ళూ లేరా? ఉన్నా తను రాసింది వాళ్ళకి అక్కర్లేదా? సిగ్గేసింది కూడా. ఉన్నమాట చెప్పాలంటే ఏడుపొచ్చింది. తన దగ్గర బట్టలు కుట్టించుకునే వయొలిన్ మాస్టారి కాలర్ పాఠం ఒక్కటీ రాసి బ్లాగు మూసేద్దామనుకుని, ఆ మాట ఆడపడుచుకీ చెప్పింది.

"నీ ఇష్టం. కానీ ఆ కాలర్ పాఠం తొందరగా రాసియ్యి" అంది ఆడపడుచు. ఆ వెంటనే తనకో మంచి కోటు కావాలని అడిగింది. సోమవారం పెద్ద చోట ఉద్యోగానికి మాట్లాడబోతున్నానంది. "నువ్వు ఆస్పత్రి వాళ్ళ యూనిఫారాలు సోమవారం మధ్యాహ్నం ఇచ్చిరా వదినా. షాపు నేను చూస్తాలే, కోటు వేసుకుని అటే వెళ్ళిపోతా."

వదిన రెండు రాత్రులు కూర్చుని కోటు కుట్టింది. ఎడమ భుజం కింద దూది పొర మర్చిపోలేదు.

వయొలిన్ మాస్టారికి ఏళ్ళ తరబడి వాయించి వాయించి మెడ ఒక పక్కకి వాలిపోయింది. ఏ కోటు వేసినా కాలర్ ఒకవైపు చెవిని పొడిచేది. ఆదివారం సాయంత్రమే ఆయన కచేరీ. అందుకని టైలరమ్మ మొదటిసారి నియమం తప్పి శనివారం మధ్యాహ్నం ట్రయల్ వేసింది. "రేపు ఇదే వేళకి రండి మాస్టారూ. చూసి, కాలర్ సరిచేసి ఇచ్చేస్తా" అని ఆయన్ని పంపేసి, గుండీల కోసం బజారుకి వెళ్ళింది. అప్పుడే ఆడపడుచు వచ్చింది.

ఆదివారం మాస్టారొచ్చారు. టైలరమ్మ ముసుగు తీసింది. అద్దంలో నిన్నటి మాస్టారు అటూ ఇటూ తిరిగి చూసుకుంటున్నారు.

"ఇప్పటికీ చెవిని పొడుస్తూనే ఉందమ్మా."

"కనిపిస్తోంది. కూర్చోండి, ఇప్పుడే విప్పి మళ్ళీ కత్తిరిస్తా."

సుద్ద తీసుకోబోతూ మళ్ళీ అద్దం వంక చూసింది. అద్దంలో మాస్టారూ తనూ బయటికెళ్ళారు. ఆడపడుచు లోపలికొచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుంది. తెర నిండా అక్షరాలు.

అక్షరాలు తిరగబడి ఉన్నాయి. కానీ బట్టని ఎప్పుడూ లోపలివైపు తిరగేసి గీతలు గీసే మనిషికి తిరగబడ్డవి చదవడం ఒక లెక్కా? టైలరమ్మ దగ్గరికి వెళ్ళి చదివింది.

ప్లగిన్లు ఐదున్నాయి. ఐదోది ఆమె ఎరగనిది. బ్లాగుకొచ్చే ప్రతి ఉత్తరాన్నీ ప్రతి వ్యాఖ్యనీ ఆడపడుచు పెట్టెలోకి మళ్ళించే ప్లగిన్ అది. ఆ పెట్టెలో ఉత్తరాలు కిటకిటలాడుతున్నాయి. 'మీ పాఠం చూసి మా అబ్బాయికి చొక్కా కుట్టాను, మొదటిసారి వాడు ఫొటో తీయించుకున్నాడు' అని ఎవరో తల్లి. 'మీరు చల్లగా ఉండాలి' అని ఇంకెవరో. అన్నిటికీ ఆడపడుచే జవాబులిచ్చింది, 'రచయిత్రి' అని కింద రాసుకుని, పక్కన తన ఫొటో పెట్టుకుని. అన్నిటికంటే పైన పుస్తకాలు వేసే ఆవిడ ఉత్తరం. 'పాఠాలన్నీ పుస్తకంగా వేస్తాం. తర్వాతి పాఠం అదేనన్నారుగా, మెడ వాలినవాళ్ళకి కాలర్ ఎలా కత్తిరిస్తారో కళ్ళారా చూడాలనుంది.' దాని కింద జవాబు టైపవుతోంది. 'సోమవారం మధ్యాహ్నం మా షాపుకి రండి. చూపిస్తాను. సోమవారాలు మా అద్దం నిద్రపోతుంది, అదొక్కటే చూడలేరు.'

శనివారాలే ఎందుకో టైలరమ్మకి అప్పుడు అర్థమైంది. సోమవారమే ఎందుకో కూడా. మిగతా రోజుల్లో అయితే అద్దంలో నిన్న కత్తెర పట్టిన మనిషెవరో కనిపించిపోతుంది.

తడిగుడ్డతో గొంతు కోయడం అంటారు. బట్టతోనే బతికే మనిషికి ఆ మాట ఎప్పుడూ ఇంత దగ్గరగా వినిపించలేదు. పరాయివాళ్ళు చేసి ఉంటే అరిచేది, వీధిలోకెళ్ళి నలుగురినీ పోగుచేసేది. ఈ పిల్ల జ్వరంలో ఉంటే మిషన్ పక్కన పడుకోబెట్టుకుని కుట్టింది. ఎవరికని చెప్పుకుంటుంది?

"ఏమైందమ్మా?" అన్నారు మాస్టారు.

"ఏం లేదు మాస్టారూ. మీ కచేరీకి ఆలస్యమవుతుంది, మెడ కదపకండి."

కత్తిరించే బల్లని కొంచెం అద్దం వైపుకి జరుపుకుంది. కాలర్ విప్పింది. ఆయన మెడని చూస్తూ సుద్దతో గీసి కత్తిరించింది. కళ్ళు మసకేసినప్పుడల్లా ముంజేత్తో తుడుచుకుంది. మధ్యలో ఒక్కసారి తలెత్తి అద్దంలోకి తిన్నగా చూసింది. ఆ రాత్రి షాపు మూసేటప్పుడు ముసుగుని మడిచి అరలో పెట్టేసింది.

సోమవారం యూనిఫారాల మూట ఎత్తుకుని టైలరమ్మ ఏమీ ఎరగనట్టే బయల్దేరింది. ఆడపడుచు కొత్త కోటు తొడుక్కుంటోంది.

"ఎలా ఉంది వదినా?"

"నీకోసమే కుట్టినట్టుంది" అని వెళ్ళిపోయింది.

పుస్తకాలు వేసే ఆవిడ వచ్చి షాపంతా కలియజూసింది. "మీ అద్దం సోమవారం నిద్రపోతుందన్నారే?"

ఆడపడుచు వెనక్కి తిరిగింది. అద్దం నిద్రపోవడం లేదు. అందులో టైలరమ్మ కాలర్ విప్పుతోంది. ముక్కాలిపీట మీద వయొలిన్ మాస్టారు మెడ కదపకుండా కూర్చున్నారు.

"ఆవిడెవరు?"

"మా వదిన. నాకు సాయం చేస్తుంటుంది."

"ఈ పని మీకు ఆవిడ నేర్పిందా?"

"లేదండీ. నేనే ఆవిడకి నేర్పాను."

వచ్చినావిడ బల్ల మీది బట్టముక్క ఆమె ముందుకి జరిపింది. "అయితే ఆ కాలర్ నాకోసారి గీసి చూపిస్తారా?"

ఆడపడుచు సుద్ద పట్టుకుంది. తెలివైన పిల్ల, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఓరకంట అద్దంలో వదిన గీస్తున్న గీతల్ని చూస్తూ, ఉన్నవున్నట్టు దించేసింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

వచ్చినావిడ ఆ బట్ట వంకా అద్దం వంకా చూసింది. "ఇది కుడి ఎడమలు తారుమారైంది. మీ మొదటి పాఠంలో మొదటి మాటే అది కదమ్మా! మీరు చదవలేదా?"

ఆడపడుచు సుద్ద బల్ల మీద పెట్టేసింది. "బ్లాగు పెట్టింది నేనేనండీ. ఏం పెట్టాలో, ఏం తీసేయాలో అన్నీ నేనే చూశాను. ఆవిడకి తెరవడం కూడా రాదు" అంది చిన్న గొంతుతో.

"ఆవిడెందుకు ఏడుస్తోంది?"

సరిగ్గా అప్పుడే అద్దంలో టైలరమ్మ తలెత్తి, ఆడపడుచు నిలబడ్డ చోటుకేసి తిన్నగా చూసింది.

టైలరమ్మ తిరిగొచ్చేసరికి షాపులో పుస్తకాలు వేసే ఆవిడ ఒక్కతే ఉంది. కోటు కుర్చీకి తగిలించి ఉంది. ఎడమ భుజం దగ్గర దూది పొర ఇంకా మనిషి లోపలున్నట్టే ఎత్తుగా నిలబడింది.

"మీకోసమే కూర్చున్నాను. పుస్తకం మీద ఏం పేరు వేయమంటారు?" అందావిడ.

టైలరమ్మ తన పేరు చెప్పింది. చాలా ఏళ్ళయింది ఎవరైనా అడిగి. తనకే కొత్తగా వినిపించింది.

ఆ సాయంత్రం తాళాలాయనని పక్కన కూర్చోబెట్టుకుని ఐదో ప్లగిన్ పీకించేసింది. ఉత్తరాలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. చదివింది. సంతోషం వేసింది, అబద్ధమెందుకు. కానీ ఆ సంతోషం పంచుకోవాలనుకున్న మనిషి ఒకే ఒక్కతె.

మంగళవారం మధ్యాహ్నం మిషన్ ఆపి లేచింది. ఇంకాసేపట్లో అద్దంలోకి సోమవారం మధ్యాహ్నం వస్తుంది. ఆడపడుచు ఏ మొహంతో ఆ మాటలందో, కోటు విప్పేటప్పుడు ఏడ్చిందో, విసిరికొట్టిందో, అన్నీ కనిపిస్తాయి.

"ఇవాళ నా తాళాల సంచీ తగిలించుకుని ట్రయల్ వేసుకోవాలి, అద్దం ఖాళీయేనా?" అంటూ తాళాలాయన గుమ్మంలోకొచ్చాడు.

టైలరమ్మ అరలోంచి ముసుగు తీసింది. షాపు పెట్టాక పనివేళలో అద్దం కప్పడం అదే మొదలు.

"రేపు రా అన్నయ్యా" అంది.

ముసుగు కింద సోమవారం తన పాటికి తను నడిచిపోయింది.