మంచుమీద కాపలా

చలి తప్పించుకుందామని ఫిన్లాండ్ నుంచి థాయ్‌లాండ్ దాకా విమానమెక్కి వచ్చి, అక్కడి ఎండ చాలనట్టు తలుపు బిగించుకుని ఆవిరిగదిలో కూర్చునే మనిషిని ఏమనాలో తౌనోకే తెలియదు. మూడు శీతాకాలాలుగా అతను చేస్తున్న పని అదే. హువా హిన్‌లో అతనూ భార్య హెల్వీ అద్దెకుండే మేడ కింద, వాళ్ల దేశపు పింఛనుదారులు పట్టుబట్టి కట్టించుకున్న చెక్క సౌనా ఉంది. ఎండకు తాళలేక కుక్కలు కార్ల కింద దూరే వేళ, ఈ ముసలాళ్లు లోపల కాలిన రాళ్లమీద నీళ్లు చిలకరించుకుని, ఇంకాస్త వేడి కావాలని మూలుగుతుంటారు.

ఆ మధ్యాహ్నం గదిలో ఇద్దరే ఉన్నారు, తౌనో, అతని పక్క ఊరివాడు యోర్మా. యోర్మా నోటికి విశ్రాంతి లేదు. గడ్డకట్టిన సరస్సుమీది మంచుకు కన్నం వేసి గాలం దించి తను పట్టిన మాదె చేపల గురించి చెప్పుకుపోతున్నాడు. నడి చలికాలంలో తప్ప మాదె సరిగా చిక్కదు. మీ ఊరి సరస్సులో అవి వేలెడంతకు మించి పెరగవటగా అన్నాడు.

తౌనో బతుకంతా ట్రాక్టరు తోలినవాడు. అవసరమైన మాటలు వాడుకుని మిగతావి దాచుకున్నాడు. దాచుకున్నవన్నీ ఆ రోజే బయటపడ్డాయి. ముందు మోచేతి దాకా కొలత చూపించాడు. యోర్మా నవ్వాడు. ఆ నవ్వు రాళ్లకన్నా ఎక్కువ కాల్చింది. సౌనాలో చర్చిలో ఉన్నట్టుండాలనీ, అబద్ధమాడరాదనీ చిన్నప్పటి నుంచీ విన్నవాడు కదా, నిజం చెప్పేశాడు. పడవల కొట్టం మూలా, అవతలి గట్టున పిడుగుపడ్డ దేవదారూ ఒక్క గీతలోకి వచ్చేచోట నీళ్లలో రాతిగుట్ట ఉందనీ, దాని అంచున గాలం వేసి చూడమనీ.

"మంచిది," అన్నాడు యోర్మా తువ్వాలు దులుపుకుంటూ. "నేను ఎల్లుండే ఇంటికి పోతున్నాను."

తండ్రి తనొక్కడికే చూపించిన చోటు అది. హెల్వికి కూడా చెప్పలేదు. ఆమె తమ్ముడు ఎస్కో తమ పెళ్లినాటి నుంచీ అడుగుతుంటే, ఏడాదికో కొత్త చోటు చూపించి, వాడు చేపల్లేని మంచుకు కన్నాలు తవ్వుకుంటుంటే కిటికీలోంచి చూసి సంతోషించేవాడు. అంత జాగ్రత్తపరుడు ఒక్క నవ్వుకు కరిగిపోయాడు.

ఆ సాయంత్రం నిమ్మగడ్డి కుక్కి కాల్చిన చేప ముందుకొస్తే ముట్టలేదు. ఏమైందని హెల్వి అడిగింది. వేడి చేసిందన్నాడు.

"పొద్దుగూకులూ సౌనాలో కూర్చునే మనిషికి వేడి చేయడమేమిటి?" అంది ఆమె.

ఇంటికి పోదామని అడగడానికి నోరు రాలేదు. అక్కడ చలికాలమంతా గోడలు పట్టుకుని నడిచే మనిషి ఇక్కడ ఇసుకలో చెప్పుల్లేకుండా తిరుగుతోంది. ఒక చేప కోసం ఆమె మోకాళ్లను మళ్లీ మంచులోకి లాక్కుపోవాలా? ఈ ప్రశ్నకు జవాబు వెంటనే తట్టనందుకు తనమీద తనకే రోత పుట్టింది.

చివరికి బాల్కనీలోకి వెళ్లి ఎస్కోకి ఫోను చేశాడు. జరిగింది చెప్పాడు. చోటు చెప్పాడు. వెళ్లి దానిమీద కూర్చోమనీ, యోర్మా వస్తే కదలొద్దనీ బతిమాలాడు.

"బావా, ఈసారైనా నిజమేనా?"

"అబద్ధానికి ఎవడైనా కాపలా పెడతాడురా?"

వారం గడిచాక ఎస్కోయే ఫోను చేశాడు. యోర్మా వచ్చాడట. ఎస్కోని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడట. చేపలుండే చోటు నిజంగా చెప్పేంత వెర్రివాడు మన దేశంలో పుట్టలేదు, మీ బావ నిన్ను కూడా మోసం చేశాడని జాలిపడి, సరస్సుకు ఆ చివరకు పోయి పొద్దంతా కన్నాలు తవ్వి, ఉత్త చేతులతో వెళ్లిపోయాడట.

తౌనో గుండెలమీంచి బండ దిగింది. తన ఒక్క నిజాన్నీ నమ్మనందుకు కొంచెం చిన్నతనంగానూ అనిపించింది.

"నేను మాత్రం రోజూ పోతూనే ఉన్నాను బావా," అన్నాడు ఎస్కో.

"వాడు వెళ్లిపోయాడుగా. ఇంకా దేనికి?"

"కాపలాకి."

"గాలం వేస్తున్నావా?"

ఎస్కో గొంతు సవరించుకున్నాడు. "ఊరికే మంచుమీద కూర్చుంటే చూసేవాళ్లకు అనుమానం రాదూ?"

"ఎంతుంటున్నాయి?"

"నువ్వు యోర్మాకి చూపించినంత." తర్వాత మెత్తగా అన్నాడు, "మీరేం తొందరపడకండి బావా. అక్క మోకాళ్లు ముఖ్యం. ఏప్రిల్ దాకా ఉండండి. ఆపైన కూడా ఉండొచ్చు."

హెల్వి లోపల్నుంచి, తమ్ముడు ఏమంటున్నాడని అడిగింది.

"మనం లేని లోటు తెలియనివ్వడం లేదట," అని తువ్వాలు భుజాన వేసుకుని కిందికి దిగాడు.

సౌనాలో ఎవరో కొత్తాయన పైమెట్టు మీద చెమటోడుస్తున్నాడు. ఏ ఊరని అడిగాడు. తౌనో చెప్పాడు. మీ సరస్సులో చేపలెలా ఉంటాయని అడిగాడు.

తౌనో రాళ్లమీద నీళ్లు పోసి, ఆవిరి సర్దుకునేదాకా ఆగాడు. తర్వాత చిటికెనవేలు చూపించాడు.