కారు కింద కాగితం

రోజూ సాయంత్రం ఆమె గేటు బయట కారు ఆపి, ఇంజన్ నడుస్తుండగానే దిగి, గుడ్డముక్క పట్టుకుని పోర్టికోలోకి వెళ్తుంది. రాత్రంతా కారు నిలబడ్డ చోట అరచేయంత ఎర్రటి నూనె మరక ఉంటుంది. దాన్ని తుడిచాకే కారు లోపలికి రావాలి. "ముందు ఆ జిడ్డు తుడువమ్మా, గుమ్మం ముందు చూడలేకపోతున్నా," అంటుంది అత్తగారు కిటికీలోంచి. ఆ మరక ఎందుకు పడుతోందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. తుడిచే మనిషి ఉన్నప్పుడు మరకతో ఎవరికేం పని?

రెండు నెలలుగా కారు పొద్దున్నే మొరాయిస్తోంది. క్లచ్ లేని ఆటోమేటిక్ బండి అది. గేర్ లివర్ 'డి'లోకి, అంటే డ్రైవ్‌లోకి, లాగగానే కదలాలి. కదలదు. ఇంజన్ రొద పెడుతుందే తప్ప చక్రం తిరగదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టాక, ఎవరో వెనకనుంచి తన్నినట్టు ఒక్క కుదుపుతో ముందుకు దూకుతుంది. రివర్స్‌కైతే ఐదు. ఆమె నీళ్ల పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది కాబట్టి దేన్నైనా లెక్కపెట్టడం అలవాటు. భర్తకి చెప్పింది. ఆయన ఆదివారం మధ్యాహ్నం తాళాలు తీసుకుని వీధి చివరిదాకా నడిపి వచ్చి, "శుభ్రంగా ఉంది. నీకే తొందర. ఆ తొక్కుడు తొక్కితే ఏ గేర్‌బాక్సయినా ఏడుస్తుంది," అన్నాడు. ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, గేర్ ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, "చూడు, నిండుగా ఉంది," అని కళ్లముందు ఆడించాడు. ఆ పొద్దున ఆమె కూతుర్ని ఈత నేర్చుకునే చోటికీ, అత్తగారిని వాళ్ల చెల్లెలింటికీ తిప్పి తెచ్చి బండిని వేడెక్కించి పెట్టిందన్న సంగతి ఆయనకి తట్టలేదు. అప్పటికి ఆమెకీ తట్టలేదు.

మంగళవారం పొద్దున, బండి ఇంకా వేడెక్కకముందే, పక్క వీధిలోని కూతురి బడి ముందు రివర్స్ చేసి మళ్లీ 'డి'లో వేసింది. కారు రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది. నీళ్ల ట్యాంకర్ హారన్ కొడుతూ వచ్చి జానెడు దూరంలో ఆగింది. ఇంటికొచ్చి చెబితే, "నీకేం కాలేదు కదా?" అన్నవాళ్లు లేరు. భర్త మాత్రం, "ఇక నువ్వు బండి ముట్టుకోకు," అన్నాడు. బండి లేకపోతే ల్యాబ్‌కి వెళ్లే దారి లేదు, అటు బస్సులు తిరగవు, అంది. "అయితే మానెయ్. గాజు గొట్టాలు కడిగే ఉద్యోగానికి ఇంత హడావిడి దేనికి?" మర్నాడు భోజనాలయ్యాక ఆమె నాలుగు కంచాలూ పేర్చుకుని వంటింట్లోకి వెళ్తుంటే, టేబుల్ మీద ఓ కాగితం పెట్టాడు. ఆమె రాజీనామా. "నీకు శ్రమ లేకుండా నేనే టైప్ చేయించా. సంతకం పెట్టి సోమవారం ఇచ్చెయ్. అప్పటిదాకా నెమ్మదిగా నడుపుకో." ఆ గొంతులో నిజంగానే ఉపకారం చేస్తున్న ధోరణి ఉంది. కోపం తెచ్చుకోవడానికి కూడా సందు ఇవ్వని మనిషి.

గురువారం సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చి, గేటు బయట కారులోనే కూర్చుని, బండితో వచ్చిన పుస్తకం చదివింది. కొన్న నాటినుంచి దాన్ని ఎవరూ విప్పినట్టు లేదు. గేర్ ఆయిల్‌ని ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, నడుస్తుండగానే చూడాలట. దిగి చూసింది. నూనె పుల్ల కొసని తడిపి ఊరుకుంది. మరి తక్కిన నూనె ఎటు పోయింది? చేతిలో ఉన్న గుడ్డముక్క వైపు చూసుకుంది. ఎటు పోవడమేమిటి, రోజూ సాయంత్రం తనే తుడిచి పిండుతోంది! ఆయన నడిపే వేళకి బండి వేడిగా ఉంటుంది, ఆయన ఇల్లు చేరే వేళకి నేల శుభ్రంగా ఉంటుంది. రెండూ తన చాకిరీయే. తనమీద తనకే ఒళ్లు మండింది.

ఆ రోజు కారు పెట్టి, కింద ఓ తెల్ల కాగితం పరిచింది. బ్యాగులో చేతికి అందిన తెల్ల కాగితం రాజీనామాయే. శుక్రవారం పొద్దున దాని ఖాళీ వైపు ఎర్రటి మరక ఉంది. మరక పక్కనే తన లెక్కలు రాసింది: చల్లగా ఉంటే నాలుగు, రివర్స్‌కి ఐదు, వేడెక్కాక సున్నా.

"సార్ రాలేదామ్మా? మేడమ్‌గారి తొక్కుడు ఎక్కువని, నూనె నిండుగానే ఉందని ఫోన్‌లో చెప్పారే," అన్నాడు మెకానిక్, ఆమె బండిని షెడ్డుకి తీసుకెళ్తే.

ఆమె కాగితం ఇచ్చింది. అతను లెక్కలు చదివి, మరకని వేళ్లతో రుద్ది వాసన చూశాడు. "ఇంజన్ ఆయిలైతే నల్లగా ఉంటుంది. ఇది గేర్ ఆయిలే. సార్ ఇంజన్ ఆపి చూసుంటారు, ఆపితే నూనంతా కిందకి దిగి నిండుగానే కనిపిస్తుంది." కాగితం తిప్పి కళ్లు చిట్లించాడు. "ఇదేంటమ్మా, ఇదీ నాకేనా?"

"అటువైపు చదవక్కర్లేదండీ."

బండిని పైకెత్తితే, అడుగున నూనె తొట్టి అంచు చుట్టూ ఉన్న రబ్బరు ఎండి బీటలు వారి ఉంది. "చల్లగా ఉన్నప్పుడు ఈ కాస్త నూనె చాలక పంపు గాలి పీలుస్తోంది. నూనె అందేదాకా గేర్ పడదు. మీ కాలి తప్పేం లేదమ్మా," అన్నాడు. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఈ ఒక్క మాట ఇంట్లో ఎవరైనా అనుంటే ఎంత బాగుండేది! అతను రబ్బరూ ఫిల్టరూ మార్చి, కొత్త నూనె పోసి, బండిని రాత్రికి షెడ్డులోనే ఉంచుకున్నాడు. ల్యాబ్ దగ్గర వదిలేశానంటే ఇంట్లో ఎవరూ ఎందుకని అడగలేదు. శనివారం పొద్దున, చల్లటి ఇంజన్‌తో ఆమె లివర్ లాగింది. ఒకటి అనేలోపే కారు మెత్తగా కదిలింది.

ఆదివారం మధ్యాహ్నం భర్త అలవాటుగా ఓ చుట్టు తిప్పి వచ్చాడు. రాత్రి భోజనాల దగ్గర, "చూశావా, నాలుగు రోజులు నెమ్మదిగా తొక్కేసరికి బండి ఎలా దారికొచ్చిందో!" అన్నాడు. "సరే, రేపు సోమవారం. సంతకం పెట్టావా?"

"పెట్టలేదు. ఆ కాగితం కారు కింద పరిచాను. గేర్ ఆయిల్ కారుతోంటే బాగుచేయించాను. ఉద్యోగం మానను. బండి నేనే నడుపుతాను."

భర్త ఆమెకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆమె అలవాటుకొద్దీ మనసులో లెక్కపెట్టింది. నాలుగు దాటింది, ఐదూ దాటింది. ఏడు దగ్గర లెక్క ఆపేసి, తన కంచం ఒక్కటే తీసుకుని లేచింది.