లోపలి మోడెం

ప్రూఫురీడరు ఇంట్లో ఫోను లైను ఒక్కటే. దిద్దిన పేజీలు ప్రెస్సుకు పంపాలంటే దానికే కంప్యూటరును తగిలించాలి. ఆ రెంటినీ కలిపే మోడెం కోసం భార్యాభర్తలిద్దరూ కొట్టుకు వెళితే కొట్టతను రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి బయట పెట్టుకునే చిన్న పెట్టె. లైను వాడుకలో ఉంటే దాని దీపం వెలుగుతుంది, మీట నొక్కితే లైను వదిలేస్తుంది. రెండోది కంప్యూటరు లోపల బిగించే కార్డు. వెనకాల తీగ తప్ప ఏమీ కనబడదు.

దీపం ఉన్నదే తీసుకుందామంది భార్య. ఎవరైనా ఫోను చేస్తే లైను ఖాళీగా ఉందో లేదో తెలియాలి కదా అని ఆమె బాధ. ఆయన వింటేనా! నిఘంటువులకే చోటు చాలని బల్ల మీద ఇంకో పెట్టె ఎక్కడ పెట్టుకోవాలని ఒంటికాలి మీద లేచాడు. చివరికి లోపలిదే ఇంటికొచ్చింది.

ఆయనకు ఒక్కతే అక్క. తల్లిలేని పిల్లాణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆవిడే ఒకసారి నలుగురిలో, మా తమ్ముడిది ఊళ్లోవాళ్ల తప్పులు వెతికే ఉద్యోగమని నవ్వింది. అంతే, ఈయనగారు అలిగారు. అక్క ఫోను చేసే వేళకు రిసీవరు తీసి పక్కన పెట్టేసేవాడు. ఎంగేజ్ మోత వింటే చాలు, తమ్ముడి కోపం పోలేదని ఆవిడకు తెలిసిపోయేది. ఏళ్లు గడిచాయి, ఆ పంతం అలాగే ఉంది.

ఇప్పుడు అక్కకు గుండె ఆపరేషను. ఆ మాట వినగానే ఆయన మనసు కరిగి నీరైంది. మాట్లాడతానని భార్యచేత కబురు పంపాడు. థియేటర్లోకి వెళ్లేముందు నేనే చేస్తానంది అక్క.

ఆ పొద్దున ఆయన పేజీలు పంపేసి, తెర మీద అంతా మూసేసి, ఫోను పక్కనే కూర్చున్నాడు. తప్పు నాదే అక్కా అనాలని లోలోపల అప్పజెప్పుకుంటున్నాడు. ఫోను మోగలేదు. ఎదురుచూసి ఎదురుచూసి ఆయనకు ఉక్రోషం వచ్చింది. మీరే ఒకసారి చేయకూడదా అంది భార్య. చేస్తానన్నది తనే కదా అని ముఖం ముడుచుకున్నాడు. రిసీవరు మీద చెయ్యి వేయలేదు. ఎత్తి ఉంటే, కార్డు ఇంకా లైను వదల్లేదని అందులో వినబడే మోడెం బుస శబ్దమే చెప్పేది.

సాయంత్రం బావ వచ్చాడు. బావ ముఖం చూడగానే ఇద్దరికీ అర్థమైంది, అక్క ఇక లేదని.

"లోపలికి తీసుకెళ్లేదాకా చేస్తూనే ఉంది. ఎప్పుడు చేసినా ఎంగేజే" అన్నాడు బావ. "వాడింకా రిసీవరు పక్కన పెట్టేస్తున్నాడులే, నా మీద కోపం పోలేదు అంది."

"పెట్టలేదు బావా. మోడెం లైను పట్టుకుని ఉండిపోయింది. అదిగో, దాని లోపలుంది."

బావ కంప్యూటరు వైపు చూశాడు. చూపించడానికి అక్కడేమీ లేదు.

"సరేలేవయ్యా. నిన్ను ఒక్క మాట కూడా అనలేదు" అన్నాడు, నమ్మకుండానే.