నీడలో తీగ

నేను ఒక పాత కెమెరాను. మార్కాపురంలో ఒక జూనియర్ కాలేజీ జువాలజీ ల్యాబు అలమరలో, గాజు సీసాల మధ్య కూర్చుని ఉన్నాను. నా షట్టరు లక్షా ఎనభై వేల సార్లు తెరుచుకుని మూసుకుంది. ఆ తర్వాత ఒకనాడు తెరుచుకోలేదు. అలసట అంటే అదేననుకుంటాను.

పుట్టింది సముద్రం అవతల. చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. మొదట కొన్నది నరసరావుపేటలో పెళ్ళి ఫోటోలు తీసే సుభానీ. ఏడేళ్ళపాటు తలంబ్రాలు, పందిళ్ళు, భోజనాల దగ్గర తోపులాటలు చూశాను. నన్ను చూడగానే మనుషులు పొట్టలు లోపలికి పీల్చుకుంటారు. నేను పక్కకు తిరగగానే హమ్మయ్య అని వదిలేస్తారు. "పెళ్ళికూతురు కాస్త తెల్లగా రావాలి బాబూ" అని ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు సుభానీ చెవిలో ఊదేవారు.

పారేయడం నాకు అక్కడే అలవాటైంది. ఫోటో దాచడానికి నాలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి జేపెగ్. అందులో చూసినదాంట్లో ఏది ఉంచాలో ఏది అక్కర్లేదో నేనే తేల్చేసి, అక్కర్లేనిది అక్కడికక్కడే పారేసి, మిగిలినదాన్ని చిన్న మూటగా కట్టి ఇస్తాను. రెండోది రా, అంటే పచ్చిది. వెలుగులోదీ చీకట్లోదీ చూసిందంతా ఉన్నదున్నట్టు అప్పగిస్తాను. మూడింతల చోటు తింటుంది. కంప్యూటరు ముందు కూర్చుని ఓపిగ్గా దిద్దుకోవాలి. వరసగా ముహూర్తాలున్న సుభానీకి అంత తీరిక ఎక్కడిది? ఏడేళ్ళూ పారేస్తూనే వచ్చాను. పారేసినవాటిలో ఏమేం ఉన్నాయో ఎవరూ అడగలేదు.

కొత్త కెమెరా రాగానే అతను నన్ను హైమావతికి అమ్మేశాడు. ఆమె ఈ కాలేజీలోనే జువాలజీ లెక్చరరు. సెలవు దొరికితే అనుమతి రాయించుకుని నల్లమలకు వెళ్ళి పక్షుల్ని ఫోటో తీసేది. కొన్న రోజే నన్ను రా పద్ధతికి మార్చింది. ఆమె పాత లాప్‌టాప్‌లో ఒక్క ఫోటో తెరుచుకునేలోపు రెండు బీరకాయలకు చెక్కు తీసేయవచ్చు.

"ఎందుకు మేడం ఇంత బరువు? ఫోన్లో చూసేవాళ్ళకి ఏదైనా ఒకటేగా!" అని తోటి లెక్చరర్లు నవ్వేవారు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది. బరువు మోసేది నేను కదా.

ఆ ఏడు మార్చిలో పక్షుల లెక్కింపుకు వెళ్ళాం. తోడు వచ్చింది ఈదన్న. చెంచు మనిషి, యాభై దాటినవాడు, అటవీ శాఖలో వాచరు. ఆయన నడిస్తే ఎండుటాకు కూడా నలిగేది కాదు. సాయంత్రానికి నా కార్డు పక్షులతో నిండిపోయింది. ఇంకా పదకొండు రా ఫోటోలకే చోటుంది. జేపెగ్‌కు మారితే ముప్పై పైనే పడతాయి. హైమావతి వేలు పద్ధతి మార్చే మీట మీద కాసేపు ఆగింది. "పదకొండు చాల్లే" అనుకుని తీసేసింది.

పొద్దు కొండ వెనక్కి దిగాక, వాగు ఒడ్డున వెదురు నీడలోకి ఒక ఆడపులి నీళ్ళకు వచ్చింది. పదకొండు సార్లు కన్ను తెరిచాను. పచ్చి ఫోటో తీసినా, నా వెనక ఉన్న చిన్న తెర మీద చూపడానికి ఒక జేపెగ్ మూట కూడా కడతాను. అందులో సగం ముఖం తప్ప అంతా నలుపే.

"అమ్మా, దాని వాటం బాగలేదు," అన్నాడు ఈదన్న, గొంతు తగ్గించి. "నీళ్ళు మింగలేకపోతా ఉండాది."

"దెబ్బ తగిలిందంటావా?"

"తెలవదు. మెడ తిప్పేకాడ ఏందో తేడా."

మర్నాడు ఆదివారం. పొద్దున్నే హైమావతి ఆ ఫోటోలు తెరిచి నీడల్ని కొంచెం కొంచెంగా వెలిగించింది. నలుపు విడిపోయింది. ముందు చారలు కనిపించాయి, తర్వాత అట్టగట్టిన వెంట్రుకలు, వాటి మధ్య ఒక సన్నని గీత, గీతకు రెండు వైపులా ఉబ్బిన కండ. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. అది తీగ. ఎవరో పెట్టిన ఉచ్చు మెడలో బిగుసుకుపోయింది.

వెంటనే ఫోన్లో ఆ ఫోటోను అటవీ రేంజ్ ఆఫీసరుకు పంపింది. ఫోను దాన్ని దారిలోనే నొక్కి కుదించింది. "మేడం, అక్కడేమీ కనబడట్లేదు. గడ్డిపోచ నీడ అయ్యుంటుంది," అన్నాడాయన. ఆయన తప్పేం లేదు. ఆయన దాకా వెళ్ళిన ఫోటోలో నిజంగానే ఏమీ లేదు.

హైమావతి లాప్‌టాప్ సంచిలో వేసుకుని, నన్ను భుజానికి తగిలించుకుని, ముందు ఈదన్న గూడేనికి వెళ్ళింది. ఆయన తెర దగ్గరికి వంగి ఆ తీగను చూశాడు.

"ఇది చూపిస్తే ముందు మా గూడెం మీదికే వస్తారమ్మా. ఉచ్చు అంటే చెంచోళ్ళే అంటారు."

ఆమె లాప్‌టాప్ మూసి ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు వద్దంటే..." అని ఆగిపోయింది.

ఈదన్న గుడిసెలోకి వెళ్ళి ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. "పదమ్మా. గుక్కెడు నీళ్ళు దిగకపోతే అదెన్ని దినాలు బతుకుద్ది?"

రేంజ్ ఆఫీసులో లాప్‌టాప్ మీద ఆ ఫోటో చూడగానే ఆఫీసరు జంతువుల డాక్టరుకు ఫోన్ చేశాడు. ఈదన్న చెప్పినట్టే మర్నాడు అటవీ శాఖ జీపు గూడేనికి వచ్చింది. తేనెకు వాడే తాళ్ళు, చేపల వలలు, దుప్పట్లు బయటికి లాగి వెతికారు. ఈదన్న అదే ఖాకీ చొక్కాతో తన గుడిసె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడట. హైమావతి ఈ సంగతి విని, ఆ రోజు క్లాసులో పాఠం మధ్యలో ఆపేసింది.

ఆరో రోజున పులి దొరికింది. మత్తు సూది వేసి తీగ కత్తిరించారు. అది మోటారు సైకిలు క్లచ్చి తీగ. అడవి అంచున పొలమున్న ఒక రైతు పందుల కోసం పెట్టానని చివరికి ఒప్పుకున్నాడు. పులి తూలుతూ లేచి వెదురులోకి వెళ్ళిపోవడం నేనూ చూశాను. పొరపాటైందని చెప్పడానికి మాత్రం గూడేనికి ఎవరూ వెళ్ళలేదు. ఒక పత్రిక మేం తీసిన పులి ఫోటో అడిగి తీసుకుని, పసుపును కుంకుమరంగు చేసి, తీగ కనబడకుండా మెడ దగ్గర కత్తిరించి వేసింది. రంగు అద్భుతంగా ఉందని చాలామంది మెచ్చుకున్నారు.

తర్వాత రెండేళ్ళకు నా షట్టరు ఆగింది. విడిభాగాలు దొరకవన్నారు. హైమావతి నన్ను తెచ్చి ఇక్కడ పెట్టింది.

మొన్న ఈదన్నను పిల్లలతో మాట్లాడటానికి పిలిచింది. అందరూ వెళ్ళాక ల్యాబు బల్ల మీద రెండు ఫోటోలు పరిచింది. ఒకటి ఆమె పచ్చి ఫోటోలోంచి వెలిగించింది. చారలు, గాయం, తీగ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. పులి ప్రాణం నిలబెట్టింది అదే. రెండోది ఆ క్షణాన నా చిన్న తెర మీద పడ్డ ఫోటో, నేను నా అలవాటు కొద్దీ సగం పారేసి కట్టిన మూట. సగం ముఖం, మిగతాదంతా చీకటి.

"ఏది కావాలో తీసుకో ఈదన్నా," అంది.

మొదటిదే తీసుకుంటాడనుకున్నాను. ఆయన రెండోది చేతిలోకి తీసుకున్నాడు.

"అందులో ఏమీ కనబడదు కదా!"

"అందుకే ఇది తీసుకుంటన్నానమ్మా. దీంట్లో దాని మెడకి తీగ లేదు."

ఆ ఫోటోను కండువాలో జాగ్రత్తగా చుట్టుకుని, దోర్నాల బస్సు పోతుందంటూ ఆయన గబగబా మెట్లు దిగాడు.